క్రూజ్ ఎక్కాలనుందా? ముందు లెక్క చూద్దాం!

నాకు వారానికి కనీసం రెండు మెసేజ్‌లు వస్తుంటాయి. మొదటిది: "అన్నా, జాబ్ వచ్చింది. అమ్మానాన్నల్ని క్రూజ్‌కి తీసుకెళ్లాలనుంది. అంత డబ్బు పెట్టొచ్చా?" రెండోది: "అన్నా, క్రూజ్ షిప్‌లో ఉద్యోగమంట. ఏజెంట్ రెండు లక్షలు అడుగుతున్నాడు. కట్టమంటావా?"

ఒకరు ఓడలో అతిథిగా ఎక్కాలనుకుంటున్నారు, ఇంకొకరు ఆ అతిథికి స్వాగతం పలికే ఉద్యోగం కోసం చూస్తున్నారు. ఇద్దరూ చూసిన రీల్ మాత్రం ఒకటే. నీలం సముద్రం, తెల్లటి ఓడ, పైడెక్కులో స్విమ్మింగ్ పూల్, చేతిలో గ్లాసు. ఆ 30 సెకన్లలో బిల్లు కనపడదు, డ్యూటీ చార్టు అసలే కనపడదు. ఈ రెండింటి సంగతీ తెలిస్తే ఎక్కాలో వద్దో మీరే తేల్చుకోగలరు.

కరవు సీమకి ఓడతో పనేంటి?

కర్నూలు, కడపల్లో పుట్టినవాళ్లకు సముద్రం దూరపు చుట్టం. అలాగని మన నేలకు పడవ పూర్తిగా కొత్త కాదు. మీరు రోజూ దాటే కేసీ కెనాల్ అసలు ఎందుకు తవ్వారో తెలుసా? సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి, కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు తీసుకెళ్లాలని 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఆ పని పట్టింది. ఉద్దేశాలు రెండు: సాగునీరు ఒకటి, పడవల మీద సరకు రవాణా ఇంకొకటి. కంపెనీ వేసుకున్న లాభాల లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. పడవలు పోయాయి, మనకు కాలువ మిగిలింది. పడవ ముచ్చటైనా సరే, లెక్క వేసుకోకుండా దిగితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన ఊరి పక్కనే ఉందన్నమాట.

ఇప్పుడు క్రూజ్ మన రాష్ట్రం గడప దాకా వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ 'ఎంప్రెస్' నౌక చెన్నై నుంచి విశాఖ వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. కర్నూలు, కడప స్టేషన్లు రెండింటి మీదుగా చెన్నై వైపు వెళ్లే రాత్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి చెన్నైలో ఉంటాం. అక్కడి నుంచి సింగపూర్ నాలుగు గంటల విమానం. మన దగ్గర ట్రావెల్ ఏజెన్సీలు అమ్మే క్రూజ్ ప్యాకేజీల్లో సింగపూర్‌వి చాలానే కనపడతాయి.

'లగ్జరీ' అన్న మాట దగ్గర ఆగండి

బ్రోచర్లో ప్రతి ఓడా లగ్జరీనే. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు మాత్రం ఓడల్ని మూడు రకాలుగా చూస్తారు. మొదటి రకం వేలమంది ఎక్కే పెద్ద ఓడలు. రెండోది ప్రీమియం. మూడోది అసలు లగ్జరీ: సీబోర్న్, సిల్వర్‌సీ, రీజెంట్ లాంటి సంస్థల చిన్న ఓడలు. మూడో రకంలో కొన్ని వందలమందే ప్రయాణిస్తారు. గది, భోజనం, పానీయాలు, టిప్పులు చాలావరకు ఒకే ధరలో కలిసిపోయి ఉంటాయి. ఆ ధర కూడా అలాగే ఉంటుంది, మన జీతాలకు అందదు.

రీల్స్‌లో మీరు ఎక్కువగా చూసేది మొదటి రకమే. 2024 జనవరిలో మొదలైన 'ఐకాన్ ఆఫ్ ద సీస్'నే తీసుకోండి. గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది పట్టే ఓడ అది. అంటే మన వైపు ఓ పెద్ద పంచాయతీ జనాభా అంతా ఒకే ఓడలో! ముగ్గురికి పైగా ప్రయాణికులకు ఒక ఉద్యోగి. అసలు లగ్జరీ ఓడల్లో ఈ నిష్పత్తి ఒకరికి ఒకరు అన్నంత దగ్గరగా ఉంటుంది. తేడా షాండ్లియర్లలో లేదు, ఇక్కడే ఉంది. బుక్ చేసేముందు ఆ ఓడలో ప్రయాణికులెందరు, సిబ్బంది ఎందరు అని వెతకండి. ఆ రెండు అంకెలు బ్రోచర్ కంటే ఎక్కువ చెబుతాయి.

పెద్ద ఓడలు చెడ్డవని కాదు. వాటి వ్యాపారం వేరు, అంతే. టికెట్ ధర తక్కువ పెట్టి ఎక్కించుకుంటాయి. లోపలికి వెళ్లాక వైఫై, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు, ఫొటోలు, ఒడ్డు మీద టూర్లు, క్యాసినో.. ఇలా ఒక్కోదానికీ ఒక్కో ధర. ఫోన్లో ఫ్రీ గేమ్ ఆడుతూ మధ్యలో నాణేలు కొంటాం చూడండి, సరిగ్గా అదే పద్ధతి.

మా ఇంటి లెక్క ఇదీ..

ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరాక రెండేళ్లు డబ్బు దాచి అమ్మని, నాన్నని సింగపూర్ తీసుకెళ్లాను. అక్కడి నుంచి పెనాంగ్ వెళ్లొచ్చే మూడు రాత్రుల క్రూజ్. కిటికీ లేని లోపలి క్యాబిన్, అన్నిటికన్నా చవక. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. కాబట్టి ప్రతి బిల్లుకీ ఆయన దగ్గర లెక్క అప్పజెప్పాల్సిందే. అందుకే నా దగ్గర ఇప్పటికీ ఈ పట్టిక ఉంది.

• టికెట్లు, ముగ్గురికి: 90,000
• పోర్టు చార్జీలు, పన్నులు: 24,000
• రోజువారీ టిప్పులు: 13,500
• ఓడలో వైఫై, కాఫీలు, పెనాంగ్‌లో టూర్: 14,000
• చెన్నై–సింగపూర్ విమానం, రానుపోను: 72,000
• వీసాలు: 10,500
• సింగపూర్‌లో ఒక రాత్రి హోటల్, క్యాబులు, భోజనం: 16,000
• మొత్తం: 2,40,000

నేను మొదట చూసిన అంకె 90 వేలు. విమానం, వీసా, హోటల్ పక్కన పెట్టి ఒక్క ఓడకే అయిన ఖర్చు చూసినా 1,41,500 తేలింది. చూపించిన ధర మీద సగానికి పైగా అదనం. ఇందులో మోసమేమీ లేదు. అన్నీ బుకింగ్ పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉన్నవే. నేనే చదవలేదు. కోడ్‌లో సెమికోలన్ వెతికే కళ్లు అక్కడ ఎందుకో పనిచేయలేదు.

టిప్పుల సంగతి చాలామందికి తెలియదు. పెద్ద సంస్థలు ఒక్కొక్కరికి రోజుకు ఇంత అని మీ ఖాతాలోనే రాసేస్తాయి. డాలర్లలో 16 నుంచి 20 మధ్య సాధారణం. మనం హోటల్లో చిల్లర పెట్టి వచ్చే లెక్కలో ఉంటే, చివరి రోజు బిల్లు చూసి గుండె గుభేల్మంటుంది.

సమయం లెక్క కూడా చూడండి. 'మూడు రాత్రులు, నాలుగు పగళ్లు' అంటారు. మేం ఓడలో అడుగుపెట్టింది మొదటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, దిగింది నాలుగో రోజు ఉదయం ఎనిమిదికి. మొత్తం 67 గంటలు. అందులో నిద్ర తీసేయండి. ఓడ ఖర్చును మిగిలిన గంటలతో భాగించి చూడండి. ఇంజినీరింగ్ మ్యాథ్స్ ఇలా కూడా పనికొస్తుంది.

ఒంటరిగా వెళ్దామనుకునేవాళ్లకు ఇంకో మాట. క్రూజ్ ధరలు ఇద్దరు ఒక గదిలో ఉంటారన్న లెక్కతో వేస్తారు. ఒక్కరే వెళ్తే చాలాసార్లు రెండో మనిషి ధర కూడా దాదాపు మీరే కట్టాలి. 21 ఏళ్లు నిండనివాళ్లకు పెద్దవాళ్లు తోడు లేకుండా గది ఇవ్వని సంస్థలూ ఉన్నాయి. ఫైనల్ ఇయర్ గ్యాంగ్ ట్రిప్ వేసేముందు ఈ నిబంధన చూసుకోండి.

స్వాగతం నిజమేనా?

డబ్బు సంగతి సరే. మనలాంటి వాళ్లను అక్కడ బాగా చూస్తారా? ఈ సందేహం నాకూ ఉండేది. నాకంటే నాన్నకు ఎక్కువ ఉండేది.

మొదటి రోజు బఫే దగ్గర ఆయన ప్లేటు పట్టుకుని నిలబడిపోయారు. "ఏమ్రా, ఇదంతా టికెట్లోనే ఉందా? లేకుంటే మళ్లా టికెట్ కొట్టించాల్నా?" అని నన్ను అడిగారు. పక్కనే ఉన్న మంగళూరు కుర్రాడికి భాష అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. ప్లేటు చేతిలోకి తీసుకుని, ఏది శాకాహారమో ఏది కాదో ఒక్కొక్కటీ చూపించాడు. అమ్మ శనివారం మాంసం ముట్టదు. ఆ మాట వంటవాళ్లకు చెప్తే, రాత్రికి పెరుగన్నం తాలింపుతో సహా వచ్చింది. భారతీయులు ఎక్కువగా ఎక్కే ఓడల్లో శాకాహారం, జైన్ భోజనం ఇప్పుడు మామూలే. బుక్ చేసేటప్పుడే రాయిస్తే ఇంకా మంచిది.

మూడు రోజుల్లో మాకు ఎవరూ చిన్నచూపు చూపించలేదు. ఇంగ్లిష్ తడబడితే నవ్వలేదు. చెప్పుల్లేకుండా గదిలోంచి బయటికొచ్చిన అమ్మను చూసి మొహం చిట్లించలేదు. ఆ విషయంలో మనసు నిండింది.

అయితే ఒకటి జరిగింది. రెండో రోజు సాయంత్రం నాన్న నడుచుకుంటూ పైడెక్కులో ఒక అద్దాల తలుపు దగ్గరికి వెళ్లారు. కార్డు పెడితే ఎర్రలైటు వచ్చింది. అది సూట్ గదులు తీసుకున్నవాళ్లకే అట. అక్కడున్న అమ్మాయి చాలా మర్యాదగా వెనక్కి పంపింది. నాన్న వచ్చి కుర్చీలో కూర్చుని, "మా బస్సులో టికెట్ ఉండేటోడు యాడైనా కూర్చుంటాడబ్బా" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

కొత్త పెద్ద ఓడల్లో ఇది పెరుగుతోంది. ఓడలో మరో ఓడ అన్నట్టు ఎక్కువ కట్టినవాళ్లకు ప్రత్యేక పూల్, ప్రత్యేక రెస్టారెంట్, ప్రత్యేక లిఫ్టు. డబ్బుకు తగ్గ సౌకర్యం అనుకుంటే తప్పేం లేదు. కానీ అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మీరు కొన్న కార్డుకు ఏ తలుపులు తెరుచుకుంటాయో ముందే కనుక్కోండి. ఆయన్ని ఆ తలుపు దాకా పోనివ్వకండి.

ఆ నవ్వు వెనక డ్యూటీ చార్టు

మా గది శుభ్రం చేసే అబ్బాయి రోజూ అమ్మను "అమ్మా" అని పిలిచేవాడు. తువ్వాలుతో ఏనుగు బొమ్మ చేసి మంచం మీద పెట్టేవాడు. చివరి రాత్రి నాన్న అతన్ని కూర్చోబెట్టబోతే కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు. ఇల్లు వదిలి ఏడు నెలలైంది, ఇంకో రెండు నెలలుంది అన్నాడు. ఓడ ఆగిన ఊళ్లలో ఎన్ని చూశావని అడిగితే, ఆ రోజుల్లో గదుల పని ఎక్కువ, ఎప్పుడోగాని దిగను అన్నాడు. అతను వెళ్లాక నాన్న ఒకటే మాటన్నారు. "నవ్వు డ్యూటీదే. మనిషి మాత్రం మంచోడు."

ముప్పై ఏళ్లు జనంతో పనిచేసిన మనిషి మాట అది. ఇక్కడి నుంచి రెండో మెసేజ్ పంపినవాళ్లు జాగ్రత్తగా చదవండి.

ఓడ సిబ్బంది పనికి ప్రపంచస్థాయి నిబంధన ఉంది. పేరు మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2006. మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం పనిగంటలతో లెక్క కడితే 24 గంటల్లో 14, వారంలో 72 మించకూడదు. విశ్రాంతితో లెక్క కడితే 24 గంటల్లో కనీసం 10, వారంలో 77 గంటలు ఇవ్వాలి. గమనించండి, ఇది 'బాగా చూసుకునే' కంపెనీ లెక్క కాదు, చట్టం ఒప్పుకునే చివరి హద్దు. ఓడలో పని చాలాసార్లు వారానికి ఏడు రోజులూ ఉంటుంది. కాంట్రాక్టులు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. తిండి, బస ఖర్చు ఉండదు కాబట్టి డబ్బు మిగులుతుంది, అది నిజం. 'ఫ్రీగా ప్రపంచం చూడొచ్చు' అన్నది మాత్రం పాక్షిక నిజం.

రెండు లక్షలు కట్టాలా? ఒక్క రూపాయి కూడా వద్దు

కడప, రాజంపేట, రాయచోటి వైపు వాళ్లకు కువైట్ ఏజెంట్ల గురించి నేను చెప్పక్కర్లేదు. ప్రతి వీధిలో ఒక కథ ఉంటుంది. గల్ఫ్ ఉద్యోగాలకు రిజిస్టర్డ్ ఏజెంట్ సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ దాకా తీసుకోవచ్చని నిబంధన ఉంది. ఓడ ఉద్యోగానికి ఆ వెసులుబాటు కూడా లేదు. ఉద్యోగం ఇప్పించినందుకు ఓడ ఉద్యోగి దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష సర్టిఫికెట్, సీడీసీ అనే నావికుల గుర్తింపు పుస్తకం.. వీటి ఖర్చులే మీవి. శిక్షణ కోర్సుల ఫీజు నేరుగా ఆ సంస్థకే కట్టాలి, మధ్యలో మనిషికి కాదు.

కాబట్టి ఎవరైనా 'బెర్త్ ఖాయం, డబ్బు కట్టు' అంటే అక్కడితో మాట ఆపేయండి. ఇవి చూడండి:

• ఆ ఏజెన్సీకి ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందా? ఈ లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్. జాబితా వాళ్ల వెబ్‌సైట్లోనే ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన ఫొటో నమ్మకండి, నంబరు మీరే వెతకండి.
• శిక్షణ ఇచ్చే సంస్థకు అదే శాఖ అనుమతి ఉందా? ఎస్‌టీసీడబ్ల్యూ ప్రాథమిక కోర్సులు (సముద్రంలో ప్రాణరక్షణ, అగ్నిమాపకం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత) అనుమతి ఉన్నచోట చేస్తేనే చెల్లుతాయి.
• కాంట్రాక్టు చేతికిచ్చి, చదువుకునే టైమ్ ఇస్తున్నారా? జీతం ఎంత, టిప్పులు అందులో భాగమా వేరా, ఇంటికి తిరుగు టికెట్ ఎవరిది.. రాతలో ఉండాలి.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఓడలో వెయిటర్ ఉద్యోగం ఒక్కటే దారి కాదు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు ఉంది. మెకానికల్ వాళ్లకు గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ ఉంది. ఓడంటే తేలే ఊరు కాబట్టి నెట్‌వర్క్, సౌండ్, లైటింగ్ చూసుకునే వాళ్లూ కావాలి. కానీ కోర్సు అయిపోగానే ఓడ దొరకదు. సర్టిఫికెట్లు చేతిలో పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. చేరేముందు ఆ సంస్థ నుంచి నిరుడు బయటికొచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో, వాళ్లనే అడగండి. హాస్పిటాలిటీ ఇష్టమైనవాళ్లు హైదరాబాద్, తిరుపతిల్లోని ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో చదివి, ఒడ్డు మీద హోటల్లో రెండేళ్లు పనిచేసి వెళ్తే ఇంకా మంచి పోస్టులో ఎక్కొచ్చు.

ఇంతకీ వెళ్లొచ్చా?

నా సమాధానం ఇదీ. అప్పు చేసి వద్దు. ఈఎంఐ మీద అసలే వద్దు. మొదటి జీతంతోనూ వద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టాక, చూపించిన టికెట్ ధర మీద ఇంకో సగం కలుపుకుని, ఆ అంకె చూసి కూడా మీ గుండె మామూలుగానే కొట్టుకుంటే వెళ్లండి. ముఖ్యంగా పెద్దవాళ్లతో అయితే ఒక సుఖం ఉంది. రోజూ బట్టలు సర్దక్కర్లేదు, హోటళ్లు మారక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అది నిజంగా పెద్ద వరం. ఊళ్లు తిరిగి చూడాలని తపన ఉన్న వయసువాళ్లకు మాత్రం అదే డబ్బుతో రైళ్లు, బస్సులు ఎక్కువ చూపిస్తాయి.

నీళ్ల మీద ప్రయాణమే కావాలంటే దగ్గర్లోనే ఉంది. కృష్ణకు నిండుగా నీళ్లున్నప్పుడు తెలంగాణ టూరిజం నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతుంది. నల్లమల కొండల మధ్య ఆ దారి చూసి తీరాల్సిందే. లైఫ్ జాకెట్ మాత్రం ఫొటో కోసం విప్పకండి. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగింది గుర్తుంచుకోండి. పెద్ద క్రూజ్‌లోనూ మొదటి రోజు జరిగే భద్రతా డ్రిల్లును ఎగ్గొట్టకండి.

మొన్న నాన్నను అడిగా, "మళ్లీ క్రూజ్‌కి పోదామా?" అని. కాసేపు ఆలోచించి, "పోదాం. ఈసారికి శ్రీశైలం లాంచీ చాల్లే. అందులో ఎర్రలైటు తలుపు ఉండదు" అన్నారు.